బకెట్టు దించకముందే ధర చెప్పాలి

పల్నాడులో ఏ రంగు కారు కొన్నా, వారం తిరిగేసరికి అది దుమ్ము రంగుకు వస్తుంది. పిడుగురాళ్ల దారిలో సున్నపు బట్టీల తెల్లని పొడి. దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు కర్మాగారాల బూడిద రంగు దుమ్ము. మిర్చి కోతల కాలంలో కల్లాల నుంచి లేచే ఎర్రని ఘాటు. వానలు పడితే నల్లరేగడి బురద. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడిన తరువాత కార్యాలయాలు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు. ఆసుపత్రులకు, కళాశాలలకు పేటలో మొదటినుంచీ కొదవ లేదు. ఈ కార్లన్నీ ఎవరో ఒకరు కడగవలసినవే.

మన యువకులలో చాలామంది ఇప్పటికే వాహనాల పనుల్లో ఉన్నారు. మెకానిక్కులు, డెంటింగ్, పెయింటింగ్ చేసేవారు, సీట్లు కుట్టేవారు, పంక్చర్లు వేసేవారు మన వీధుల్లో ఎక్కువగానే కనిపిస్తారు. ఆ వరుసలోకి కొత్తగా వచ్చిన పని ఇంటి ముంగిటకే వెళ్లి కారును లోపలా బయటా క్షుణ్ణంగా శుభ్రపరచడం. దీనినే డిటైలింగ్ అంటున్నారు. దుబాయి, కువైట్, రియాద్ నగరాల పార్కింగు స్థలాల్లో కార్లు తుడిచి తిరిగివచ్చిన తెలుగువారికి ఈ పని సగం తెలిసినదే. మురికి కారును వీధిలో చాలాకాలం వదిలేస్తే 500 దిర్హములు జరిమానా విధించే దుబాయిలో పని నేర్చినవారికి, దాని విలువ ఇంకొకరు చెప్పనక్కరలేదు.

నిజానికి ఇంటి ముంగిట పని మనకు కొత్త కాదు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టి ఇచ్చిన నూర్‌బాషా పెద్దలు చేసింది ఇదే. బొగ్గుల కుంపటి, తిత్తి పట్టుకుని వచ్చి వీధి చివర రాగి పాత్రలకు కళాయి పూసినవారు చేసిందీ ఇదే. గిన్నెకు ఇంత అని ముందుగా మాట్లాడుకున్న తరువాతే కుంపటి రాజేసేవారు. కార్ల పనికి దిగే యువకుడు ఆ పెద్దల నుంచి ముందుగా నేర్చుకోవలసినది ఈ పద్ధతినే. ఎందుకంటే ఈ వృత్తిలో నష్టపోయేవారు ఎక్కువగా పని రాక నష్టపోరు, ధర చెప్పడం రాక నష్టపోతారు.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కాను విడిచి మదీనాకు వచ్చినప్పుడు ఆయన చేతిలో ఏమీ లేదు. అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వజూపాడు. ఆయన అతని కోసం దుఆ చేసి, బజారు ఎక్కడుందో చూపించమని మాత్రమే అడిగారు. ఎండు జున్ను, నెయ్యి అమ్మడంతో మొదలుపెట్టారు. ఈ సంఘటన మనవాళ్లందరికీ తెలిసినదే. కానీ ఈ రోజుల్లో మన పిల్లవాడు వ్యాపారం అనగానే మొదట వాయిదాలపై వ్యాన్ కొనడానికి షోరూముకు వెళుతున్నాడు. పని రాకముందే వడ్డీ వచ్చి ఇంట్లో కూర్చుంటుంది.

ఈ పనికి వ్యాన్ అక్కరలేదు. ఉన్న ద్విచక్ర వాహనానికి సామాను పెట్టె కొట్టించుకుంటే చాలు. ఒక అంచనా వేసుకుందాం. ప్రెషర్ వాషర్‌కు 10 వేలు, తడినీ పొడినీ పీల్చే వాక్యూమ్ క్లీనర్‌కు 7 వేలు, పాలిష్ యంత్రానికి 9 వేలు, పొడవైన పైపు, వైరు, నీళ్ల క్యాన్లకు 4 వేలు, బ్రష్షులు, బకెట్లు, మైక్రోఫైబర్ గుడ్డలకు 5 వేలు, బండి పెట్టెకు 11 వేలు. మొత్తం పనిముట్లకు 46 వేలు. షాంపూ, పాలిష్ వంటి సరుకులు 8 వేలు, చేతి ఖర్చుకు 6 వేలు కలుపుకుంటే 60 వేలు. పాలిష్ యంత్రం మొదటి మూడు నెలలు కొనకపోయినా ఫరవాలేదు, కొనక పోవడమే మేలు కూడా. ఆ మాట ఎందుకన్నానో తరువాత చెబుతాను.

ముందు దుమ్ము సంగతి చూడాలి. మన ప్రాంతపు దుమ్ము గురించి తెలియనివాడు కారు కడగడానికి అనర్హుడు. సున్నపు పొడి నీటితో కలిస్తే క్షారగుణం చూపుతుంది, రంగును తింటుంది, చేతులను, కళ్లను మండిస్తుంది. సిమెంటు ధూళి తడిసి ఆరితే గట్టిపడుతుంది. ఈ రెండింటినీ పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్లే. ముందుగా ఒత్తిడి గల నీటితో పైనుంచి కిందికి దుమ్మునంతా జార్చాలి. ఆ తరువాతే షాంపూ నురుగు, ఆ తరువాతే గుడ్డ. రెండు బకెట్లు తప్పనిసరి. ఒకదానిలో షాంపూ నీరు, రెండవదానిలో గుడ్డను జాడించే నీరు. చక్రాలకు వాడిన గుడ్డ మళ్లీ బానెట్టు మీదికి రాకూడదు. అంటుకుపోయిన సిమెంటు చుక్కలను నీరు కలిపిన వెనిగర్‌తో నానబెట్టి వదిలించి, వెంటనే మంచినీటితో కడిగేయాలి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవడం పిరికితనం కాదు.

రెండవది నీరు. సున్నపురాయి నేలలో తవ్విన బోరు నీటిలో లవణాలు ఎక్కువ. ఎండలో ఆరిపోతే అద్దాలపై తెల్లని మచ్చలు మిగులుతాయి. రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతటా తెలుసు. అక్కడ మధ్యాహ్నం పూట బానెట్టు మీద నీళ్లు పోస్తే, గుడ్డ చేతికి తీసుకునేలోపే ఆవిరైపోతాయి. బానెట్టు మీద అరచేయి ఉంచలేనంత వేడిగా ఉంటే ఆ కారును కడగకూడదు, అంతే. కనుక వేసవిలో పని ఫజ్ర్ నమాజు తరువాత మొదలై పది గంటలకు ముగియాలి, మళ్లీ అసర్ తరువాత సాగాలి. నడుమ జుహర్ నమాజు, భోజనం, కాసేపు విశ్రాంతి. మన నమాజు వేళలు ఈ వృత్తికి ఆటంకం అవుతాయేమోనని అడిగే తల్లిదండ్రులున్నారు. కారు రంగును కాపాడే వేళలు కూడా దాదాపుగా అవే. శుక్రవారం మధ్యాహ్నం బుకింగులు తీసుకోనని కార్డు మీదే అచ్చువేయించండి. ఎవరూ నొచ్చుకోరు.

పైపు తెరిచి వదిలేస్తే ఒక్క కారుకు నూటయాభై, రెండువందల లీటర్లు ఇట్టే పోతాయి. ప్రెషర్ వాషర్‌తో యాభై, అరవైలో ముగించవచ్చు. దుమ్ము పలుచగా ఉన్న కారైతే, కడిగే అవసరం లేని ప్రత్యేక ద్రావణంతో ఒక్క బకెట్టు నీటిలోనే తుడవవచ్చు. అయితే సిమెంటు దుమ్ము పట్టిన కారుకు ఈ చివరి పద్ధతి పనికిరాదు. 2024 మార్చిలో బెంగళూరులో నీటి కొరత ఏర్పడినప్పుడు, తాగునీటితో వాహనాలు కడిగితే 5 వేల రూపాయల జరిమానా అని ప్రకటించారు. దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) ఒక ముద్దు కొలత నీటితో, అంటే సుమారు ముప్పావు లీటరు లోపు నీటితో, వుజూ పూర్తిచేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆరాధన కోసమే అంత పొదుపు పాటించిన ప్రవక్త (స) అనుచరులం, ఊరివారు బిందెలతో వరుసలో నిలబడిన వీధిలో కారు మీద పైపు తెరిచి వదిలేయలేము.

ఇక ధర. నరసరావుపేటలో ఏ వీధికి వెళ్లినా ఈ సంభాషణ తప్పదు.

“ఏంది భాయ్, ఆరొందల యాభయ్యా? సర్వీసింగ్ సెంటర్లో మూడు నాలుగొందలకే కడుగుతున్నారుగా!”

“అవునండీ. అక్కడ నీళ్లు కొట్టి పంపిస్తారు. నేను సీట్ల కింద, ఏసీ గొట్టాలు, తలుపు సందులు, డిక్కీ అన్నీ తీస్తాను. మీ ఇంటికే వచ్చి చేస్తాను. పైపైన కడిగితే చాలంటే దానికి వేరే రేటుంది, అదీ చెబుతాను.”

ఈ రెండవ మాట అనడానికి మనవాడికి గుండె ధైర్యం కావాలి. ఆ ధైర్యం లెక్క తెలిసినవాడికే వస్తుంది. లెక్క ఇలా వేసుకోవాలి. నెలకు పనిదినాలు ఇరవై అయిదు అనుకున్నా, వానలు, జ్వరాలు, పెళ్లిళ్లు పోగా నికరంగా పద్దెనిమిది రోజులే మిగులుతాయి. ఇద్దరు కలిసి వేసవిలో రోజుకు మూడు కార్లు, చలికాలంలో అయిదు, సగటున నాలుగు చేస్తే నెలకు 72 కార్లు. 46 వేల పనిముట్లు మూడేళ్లు మన్నుతాయనుకుంటే కారుకు 18 రూపాయల తరుగు. పెట్రోలు 20, షాంపూ, గుడ్డల వంటివి 60, మరమ్మతులు, ఫోను 15. సహాయకుడికి నెలకు 12,500 జీతమైతే కారుకు 174. ఇవన్నీ కలిపితే 287 రూపాయలు. ఇల్లు గడవడానికి నెలకు 20 వేలు కావాలంటే కారుకు మరో 278. మొత్తం 565.

అంటే 300 రూపాయలకు లోపలా బయటా కడిగి ఇచ్చేవాడు సహాయకుడి జీతానికి, పెట్రోలుకు సంపాదించి, తాను మాత్రం కారుకు 13 రూపాయలకు పనిచేస్తున్నాడు. అది వినయం కాదు, లెక్క తప్పడం. ఆరునెలల తరువాత వాషర్ పాడైతే కొత్తది కొనడానికి డబ్బుండదు. అప్పుడు కనిపించేది వడ్డీ వ్యాపారి గుమ్మమే.

ఇప్పుడు పెట్టుబడి సంగతికి తిరిగి వద్దాం. ఆ 60 వేలు బావగారో, గల్ఫులో ఉన్న మామూనో పెట్టారనుకుందాం. “నెలనెలా రెండువేలు నాకు పంపు, అసలు తరువాత ఇద్దువు” అన్నారంటే, ఆప్యాయంగా అన్నా సరే, అది వడ్డీయే. ధర్మసమ్మతమైన దారులు రెండున్నాయి. ఒకటి, ఇచ్చినంత మాత్రమే తిరిగి తీసుకునే ఖర్జె హసన్. రెండవది ముజారబత్. ఇందులో లాభాన్ని ముందే ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. పనిచేసేవాడి నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే పెట్టుబడి పెట్టినవాడు ధనం, పనిచేసినవాడు తన శ్రమ కోల్పోతారు. పనిచేసే భాగస్వామికి వేరే జీతం ఉండదు, లాభంలో వాటాయే ఉంటుంది.

పై లెక్కలో కారుకు 600 తీసుకుంటే నెలకు 43,200. ఖర్చులు 20,664 పోగా మిగిలేది 22,536. అందులో అయిదో వంతు బావగారిదైతే మనవాడికి 18 వేలకు కాస్త పైన మిగులుతుంది, ఇల్లు గడవదు. అదే 650 అయితే 26,136 మిగిలి, అతని వాటా 20,909 అవుతుంది. ఆరువందల యాభై అన్న అంకె అలా పుట్టింది. నచ్చిన అంకె అని చెప్పింది కాదు. మీ ఊరి జీతాలు, మీ ఇంటి ఖర్చులు వేరైతే మీ అంకె వేరవుతుంది. ఒప్పందం మాత్రం కాగితంపై ఉండాలి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయతు బఖరా సూరాలోని 282వది. అది అప్పు పత్రాలు రాసుకోవడం గురించే. బంధువుల మధ్య రాతలెందుకనే మొహమాటం మనం తెచ్చిపెట్టుకున్నదే.

ఎక్కువ లాభం తీసుకోవడం తప్పేమోనని సందేహించేవారున్నారు. ప్రవక్త (స) హజ్రత్ ఉర్వా (రజి) చేతికి ఒక దీనారు ఇచ్చి గొర్రెను కొనుక్కు రమ్మన్నారు. ఆయన ఆ దీనారుతో రెండు గొర్రెలు కొని, ఒకదాన్ని దీనారుకు అమ్మి, గొర్రెతోపాటు దీనారును కూడా తెచ్చి ఇచ్చారు. ప్రవక్త (స) ఆయన వ్యాపారంలో శుభం కలగాలని ప్రార్థించారు. లాభానికి షరీఅత్ ఇంత అని హద్దు గీయలేదనడానికి పండితులు ఈ హదీసును చూపుతారు. కానీ కూలి ఎంతో తేల్చకుండా పని చేయించుకోవడం, చేయడం రెండూ ధర్మశాస్త్ర పండితులు వారించినవే. అందుకే “చూసి ఇవ్వండి సార్” అన్న మాట మన నోట రాకూడదు. ఆ మాటతో కొందరి దగ్గర మనం నష్టపోతాం. మొహమాటపడి ఎక్కువ ఇచ్చినవారి దగ్గర వారు నష్టపోతారు. చిన్న కారు, పెద్ద కారు, ఏడుగురు కూర్చునే బండి, ఒక్కోదానికి ధర రాసిన కార్డు చేతికిచ్చి, వారు సరే అన్న తరువాతే బండి మీదనుంచి బకెట్టు దించాలి. నెలవారీ ప్యాకేజీ పెడితే నాలుగుసార్లు అని సంఖ్య చెప్పండి. “ఎన్నిసార్లయినా” అన్న ప్యాకేజీలో ఇరువురికీ తాము ఏమి కొన్నారో, ఏమి అమ్మారో తెలియదు. వాన వల్ల చేయలేకపోయిన విడత మరుసటి నెలకు జమ కావాలి, లేదా డబ్బు వాపసు ఇవ్వాలి.

దసరాకు, సంక్రాంతికి ముందు ఊరంతా కార్లు కడిగిస్తుంది. ఆ వారంలో కార్డు మీది ధరే తీసుకోండి. రద్దీ వారంలో ధర పెంచడం దానంతట అదే నిషిద్ధం కాకపోవచ్చు. కానీ అచ్చువేసి ఇచ్చిన కార్డును మనమే కాదంటే, మిగతా ఏడాదంతా దానిని ఎవరు నమ్ముతారు?

ఇక పాలిష్ యంత్రం ఆలస్యంగా కొనమన్న మాట. కారుపై రంగుకు పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే పలుచన. గీతలు పోగొట్టడమంటే ఆ పొరను కొద్దికొద్దిగా అరగదీయడమే. తెలియని చేతిలో యంత్రం అంచుల దగ్గర ఆగితే రంగు కాలిపోతుంది. అందుకే డెంటింగ్ షాపులో పాత డోర్ల మీద నెలల తరబడి సాధన చేయాలి. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. గీతలను పోగొట్టకుండా మైనం, నూనెలతో నింపి కప్పిపుచ్చే సరుకులు బజారులో దొరుకుతాయి. ఆ రోజు కారు అద్దంలా మెరుస్తుంది. రెండు మూడు కడుగుళ్లకు గీతలన్నీ తిరిగి వస్తాయి. అలాగే పిచికారీ చేసి తుడిచే మామూలు ద్రవాన్ని సిరామిక్ కోటింగ్ అని వేలల్లో అమ్మేవారున్నారు. నిజమైన సిరామిక్ పూతకు ముందు రంగును సరిచేయాలి, దుమ్ములేని గదిలో పూయాలి, ఆపై గంటల తరబడి ఆరనివ్వాలి. పల్నాడు వీధిలో, చెట్టు కింద, అది సాధ్యమే కాదు. “ఇది గదిలో చేసే పని సార్, నేను చేయను” అని చెప్పగలిగినవాడు ఆ పనిని కోల్పోతాడు, ఆ మనిషిని కోల్పోడు.

అన్నింటికంటే గడ్డు పరీక్ష పాత కార్ల బేరగాడి నుంచి వస్తుంది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి, వేల వాహనాలు నీటిలో ఉండిపోయాయి. అలాంటి ఒక కారు చేతులు మారుతూ మన ముందుకు వచ్చిందనుకోండి. సీటు బెల్టును చివరిదాకా లాగితే మట్టి చార కనిపిస్తుంది. తివాచీ ఎత్తితే ఒండ్రు ఉంటుంది. సీటు బోల్టులు తుప్పుపట్టి ఉంటాయి. “వాసన పోయేట్టు చెయ్యి భాయ్, మూడువేలు ఇస్తా, పది కార్లు నీకే తెస్తా” అంటాడు బేరగాడు. కడగడం హలాల్ పనే. శుభ్రం చేయడంలో దోషమేముంది అనిపిస్తుంది.

ప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) అడిగారు, మోసగించేవాడు తనవాడు కాడని తేల్చిచెప్పారు. ఆ రాశిలో కింద తడి, పైన పొడి. ఈ కారులో కింద ఒండ్రు, పైన మెరుపు. ఆ పొడి గింజలను పైన పరిచే చేయి మనది కాబోతోంది, తేడా అంతే. యజమాని వాడుకోవడానికైతే వరద కారును మనస్ఫూర్తిగా శుభ్రం చేయండి, అది మంచి సేవ. అమ్మకానికైతే, కొనేవారికి వరద సంగతి చెబుతారా అని అడగండి. చేసిన పనికి రసీదు ఇచ్చి, అందులో “నీట మునిగిన వాహనం, లోపలి ఒండ్రు తొలగింపు” అని రాయండి. ఆ రసీదు వద్దన్నవాడి పని మనకూ వద్దు. పది కార్లు పోతాయి, నిజమే. ఆ పది కార్లు కొన్న పది కుటుంబాల్లో మన మసీదులో పక్కన నిలబడేవాడూ ఉండవచ్చు.

కారు లోపల అమానతు మొదలవుతుంది. సీటు సందుల్లో నాణేలు, ఉంగరాలు, కాగితాలు దొరుకుతాయి. అన్నింటినీ ఒక సంచిలో వేసి యజమాని చేతికివ్వాలి, రూపాయి నాణెమైనా సరే. డ్యాష్‌బోర్డు మీద ఇతర మతస్థుల దేవతా ప్రతిమలు, అద్దానికి నిమ్మకాయలు ఉంటాయి. వాటిని మనం కదపకుండా, “మీరే తీసి పెట్టండి, అయ్యాక మళ్లీ అమర్చుకోండి” అని మర్యాదగా చెప్పాలి. ఇంట్లో మగవారు లేని వేళకు బుకింగు ఇవ్వకండి. తప్పనిసరైతే పని వీధిలోనే చేసి, తాళాలు సహాయకుడి ముందు తీసుకోండి. సహాయకుడి కూలి అతని చెమట ఆరకముందే ఇవ్వాలన్న ప్రవక్త (స) హితవు ఈ వృత్తిలో అక్షరాలా వర్తిస్తుంది.

ప్రభుత్వ నమోదుల గురించి భయపడవలసినదేమీ లేదు. ఉద్యమ్ నమోదు ఉచితం, దళారికి డబ్బివ్వకండి. సేవల వ్యాపారానికి ఏడాది రాబడి 20 లక్షలు దాటితేగానీ జీఎస్టీ నమోదు అవసరం రాదు. మన లెక్కలో అది ఆరు లక్షలకు లోపే.

ఇంట్లోవారికీ ఈ వ్యాపారంలో చోటుంది. మైక్రోఫైబర్ గుడ్డలను వేరుగా, మృదువుగా చేసే ద్రవాలు కలపకుండా ఉతకాలి. నూలు బట్టలతో కలిపితే వాటి పీచు పట్టి మళ్లీ కారు మీద గీతలు పెడుతుంది. కింద పడిన గుడ్డను ఉతకకుండా మళ్లీ వాడకూడదు. ఫోను బుకింగులు, లెక్కల పుస్తకం గృహిణి చేతిలో ఉంటే ఇంకా మంచిది. తేదీ, కారు, చెప్పిన ధర, వచ్చిన డబ్బు, పట్టిన సమయం రాస్తే చాలు. మూడు నెలలకు ఒకసారి ఆ పుస్తకం ముందేసుకుని ఇద్దరూ కూర్చోండి. గంటన్నర అనుకున్న పనికి రెండున్నర గంటలు పడుతోందంటే ధర అయినా మారాలి, పనితీరు అయినా మారాలి. ధర పెంచవలసి వస్తే పాత ఖాతాదారులకు ఒక నెల ముందుగా చెప్పి, కొత్త కార్డు ఇవ్వండి. ముందే డబ్బు కట్టినవారికి ఆ ప్యాకేజీ పూర్తయ్యేవరకు పాత ధరే.